తొడ మీద గుంటలు, ఇంటి నిండా పరామర్శలు

ఆ ఆదివారం ఉదయం డాబా మీద బట్టలు ఆరేస్తుంటే నన్ను తేనెటీగ కుట్టింది. కుట్టడానికి అది ఎంచుకున్న చోటు కుడి తొడ వెనక భాగం. నైటీ లోపలికి ఎలా దూరిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. తడి బట్టల బకెట్ అక్కడే వదిలేసి, మెట్లు దిగి వచ్చి, మంచం మీద బోర్లా పడి మా అమ్మాయిని కేకేశాను. మాకు ఒక్కతే కూతురు, డిగ్రీ చదువుతోంది. ముల్లు లోపల ఉండిపోయిందేమో చూడమన్నాను.

"ముల్లు తీసేసిన మమ్మీ. జర ఎర్రగైంది, అంతే."

"సరిగ్గా చూడవే. మంట తగ్గలేదు."

"నమ్మకుంటే నువ్వే సూస్కో" అని ఫోన్‌తో ఫొటో తీసి నా ముఖం ముందు పెట్టింది.

మన తొడ వెనక భాగాన్ని మనం జీవితంలో ఎన్నిసార్లు చూసుకుంటాం? నేనైతే నడివయసు దాటుతుండగా అదే మొదటిసారి. ఫొటో మధ్యలో తేనెటీగ కుట్టిన ఎర్రటి చుక్క ఉంది. నా కళ్లు మాత్రం దాని మీద ఆగలేదు. చుక్క చుట్టూ అంతా గుంటలు, ఉబ్బులు. మా నాచారం వీధిలో పైపులైను కోసం తవ్వి, పైపైన మట్టి కప్పి, రెండు వానలు పడ్డాక ఎవరూ తిరిగి చూడని రోడ్డులా ఉంది.

"ఇవేంటే ఈ గుంటలు? తేనెటీగ కుడితే ఇలా అవుతుందా?"

"తేనెటీగ ఒక్క దగ్గరే కుట్టింది మమ్మీ. ఇవి ముందు నుంచి ఉన్నయే. సెల్యులైట్ అంటరు. అందరికీ ఉంటది."

అందరికీ ఉంటుందన్న మాట నాకు వినబడలేదు. ఇన్నాళ్లూ నా వెనకాల నాకు తెలియకుండా ఇంత జరిగిందా అనిపించింది. ఆ ఫొటో నాకు పంపవే, తీరిగ్గా చూసుకుంటాను అన్నాను.

ఆమె పంపింది. నాకు కాదు, మా ఇంటివాళ్ల గ్రూపుకు. అందులో మా ఆయన తరఫు బంధువులందరూ ఉన్నారు. జనగామ నుంచి ఘట్‌కేసర్ దాకా పెద్దలూ పిన్నలూ పొద్దున లేవగానే అందులో పువ్వుల బొమ్మలు పెట్టుకుంటారు. మా అదృష్టం ఏమిటంటే, ఫొటో మరీ దగ్గరగా తీయడంతో అది మనిషి ఒంటి మీది భాగమని ఎవరికీ తట్టలేదు. మొదట మా ఆయన మేనమామ స్పందించారు. "రొట్టె మంచిగ కాలలే. పెనం వేడెక్కకముందే ఏసినట్టున్నరు." వెంటనే ప్లాట్ల వ్యాపారం చేసే మరిది రాశాడు. "డ్రోన్ ఫొటో మంచిగున్నది బిడ్డా. ఈ ల్యాండ్ ఎక్కడ? ఎర్ర గుర్తు పెట్టిందేనా మన బిట్టు?"

మా అమ్మాయి కంగారుపడి ఫొటో తొలగించింది. ఆ కంగారులో ఏ మీట నొక్కిందో గాని, ఫొటో ఆమె ఫోన్లోంచి పోయింది. మిగతా అందరి ఫోన్లలోనూ నిక్షేపంగా ఉంది.

ఇక్కడ మా వదిన గురించి చెప్పాలి. మా ఆయనకు అక్క. రైల్వే పార్సిల్ ఆఫీసులో పనిచేసి రిటైరైంది. బావగారు పోయాక మా ఇంటి కింది పోర్షన్‌లో ఉంటోంది. రైళ్ల చప్పుడులో మాట్లాడి మాట్లాడి గొంతు అలాగే స్థిరపడిపోయింది. నా పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన కొత్తలో, ఒంగోలు వైపు నుంచి వచ్చిన పిల్లనని, నాకు ఈ ఊరి మాట అర్థం కాదేమోనని, మరింత గట్టిగా మాట్లాడేది. ఇప్పటికీ నాకు జ్వరం వస్తే ముందు ఆమెకే తెలుస్తుంది.

ఫోన్ చేతిలో పట్టుకుని ఆమె మెట్లెక్కి వచ్చింది.

"ఏందే ఇది? రొట్టెనా, భూమా?"

"అత్తా, అది మమ్మీ కాలు" అంది మా అమ్మాయి.

"కాలా? కాలు గిట్లెందుకున్నది?"

"సెల్యులైట్ అత్తా."

"లైటా?"

"సెల్యులైట్."

వదిన ఆ మాటను పెదాలతో రెండుసార్లు అనుకుని, నా వైపు ఒకసారి జాలిగా చూసి, గబగబా కిందికి వెళ్లిపోయింది. సరిగ్గా అప్పుడే కూరగాయల బండి వచ్చింది. బండి దగ్గర ఎదురింటి నర్సమ్మగారు బెండకాయలు ఏరుతోంది. ప్రభుత్వ దవాఖానాలో నర్సుగా చాలా ఏళ్లు పనిచేసిన మనిషి, మా వీధికంతటికీ ఆవిడ మాటంటే గురి. "మా మరదలికి కాళ్లకు సెల్యులై... ఏదో వచ్చిందంట" అంది వదిన. "సెల్యులైటిసా?" అంది నర్సమ్మగారు. "ఆఁ, గదే గదే." వదిన ఫోన్లో ఫొటో చూపించింది. మధ్యలో ఎర్రగా వాచిన చుక్క కనబడనే కనబడుతోంది.

ఆ చివరి రెండక్షరాలతో నా జీవితం మారిపోయింది. సెల్యులైటిస్ అంటే చర్మం లోపలికి సూక్ష్మక్రిములు పాకే జబ్బు. కాలు ఎర్రబడుతుంది, వాస్తుంది, అశ్రద్ధ చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. కాలు దిండ్ల మీద ఎత్తి పెట్టుకుని పడుకోవాలి, మందులు వాడాలి. నర్సమ్మగారు చెప్పినదాంట్లో ఒక్క తప్పు కూడా లేదు. ఆ జబ్బు నాకు లేదు, అంతే.

ఇదేమీ తెలియని నేను మర్నాడు మామూలుగానే హబ్సిగూడలో మా ఆఫీసుకు వెళ్లాను. శాస్త్రవేత్తలు పనిచేసే సంస్థే గాని, నాది పరిపాలన విభాగంలో కుర్చీ పని. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం డబ్బా తెరవడానికి కూడా లేవను. మొదటి అంతస్తుకు లిఫ్ట్‌లో వెళతాను. ఆ రోజు సాయంత్రం పర్మిషన్ పెట్టి, దగ్గర్లో ఉన్న ఒక చర్మ వైద్యురాలిని కలిశాను. ఆవిడ చూసి నవ్వింది.

"బొంత కుట్టినట్టు అనుకోండి. దారం లాగిన చోట గుంట, మధ్యలో దూది ఉబ్బు. చర్మం కింద కొవ్వు, దాన్ని పట్టి ఉంచే పోగులు. జబ్బు కాదు. చాలామంది ఆడవాళ్లకు ఉంటుంది, సన్నగా ఉన్నవాళ్లకు కూడా."

"పోవడానికి క్రీమేమైనా..."

"రాస్తే చర్మం మెత్తగా ఉంటుంది. గుంటలు పోవు. నడవండి. మెట్లెక్కండి. తొడల కండ గట్టిపడితే పైన చర్మం కాస్త నునుపుగా కనిపిస్తుంది. గంటల తరబడి కూర్చోకండి. నూనె సరుకు, తీపి, ఉప్పు తగ్గించండి, నీళ్లు తాగండి, నిద్ర పోండి. తగ్గినట్టు కనిపిస్తుంది గాని పూర్తిగా పోతుందని నేను మాటివ్వను. ఆఁ, గుంజీలు తీయడం వచ్చు కదా?"

"గుంజీలా?"

"అవే. ఇప్పుడు వాటికి వేరే పేరు పెట్టి జిమ్ముల్లో చేయిస్తున్నారు."

మనసు తేలికపడి ఇంటికి వచ్చాను. గేటు తీసేసరికి మెట్ల పొడుగునా చెప్పులు. మా ఇంట్లో అన్ని చెప్పులు ఒక్కచోట చూడడం బావగారు పోయినప్పుడే. ఎవరికేమైందో అని పరుగెత్తుకుంటూ మెట్లెక్కాను.

హాల్లో ఉన్నవాళ్లంతా నన్ను చూసి ఒక్కసారిగా లేచారు.

"అయ్యో, ఉరుకుతున్నది సూడున్రి!" అని వదిన ఎదురొచ్చి నా రెండు జబ్బలు పట్టుకుంది. "పాపం, తెల్వక ఉరుకుతున్నది."

నా మంచం పడగ్గదిలోంచి హాల్లోకి వచ్చి ఉంది. కాళ్లవైపు దిండ్లు గుట్టగా పేర్చి ఉన్నాయి. నన్ను పడుకోబెట్టి, కాళ్లెత్తి దిండ్ల మీద పెట్టి, దుప్పటి కప్పారు. బల్ల మీద బ్రెడ్డు పొట్లాలు, యాపిల్ పండ్లు, కొబ్బరి బొండాలు.

"నాకేం కాలేదండీ" అన్నాను.

"మొదట్ల అందరు అట్లనే అంటరమ్మ" అంది నర్సమ్మగారు, నా నుదురు మీద చెయ్యి పెట్టి.

అసలు సంగతి చెప్పేయాలనే అనుకున్నాను. కానీ గదిలో పక్కింటి పెద్దాయన ఉన్నారు, ఆయన తమ్ముడు ఉన్నారు, చిల్కానగర్ నుంచి వచ్చిన వదిన పాత సహోద్యోగి ఒకాయన ఉన్నారు. వాళ్లందరి ముందు నా తొడల మీద గుంటలున్నాయని, అవి బాగోలేవని డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చానని చెప్పాలి. నోరు తెరిచాను. పక్కింటి పెద్దాయన శ్రద్ధగా ముందుకు వంగారు. నోరు మూసేశాను.

చీకటి పడ్డాక మా ఆయన ఫ్యాక్టరీ నుంచి వచ్చారు. నాచారం పారిశ్రామిక వాడలోనే పని. అందరూ వెళ్లాక జరిగినదంతా చెప్పాను.

"గంతేనా? మరి అక్కకు చెప్పరాదు?"

"నేను మొదలుపెడితే ఆమె విననివ్వడం లేదు. అమ్మాయి చెప్పబోయినా చిన్నపిల్లవు నీకేం తెలుసని కొట్టిపారేసిందట. మీరు చెప్పండి."

ఆయన చొక్కా కొక్కేనికి తగిలించి, మళ్లీ తీసి, మళ్లీ తగిలించారు. "అక్కకు నేను తొడల సంగతి ఎట్ల చెప్తనే?" అన్నారు చివరికి. అది న్యాయంగానే తోచింది. పైగా అప్పటికే ఆయన ఫోన్ చేసి నా పేరు మీద ఆఫీసులో సెలవు చెప్పేశారట. వదినే చెప్పించింది.

అలా నా ఆరోగ్యకరమైన అలవాట్లు మొదలయ్యాయి. డాక్టరమ్మ ఏవేవి వద్దందో అవన్నీ ప్రేమగా నా మంచం దగ్గరికి వచ్చేవి. పొద్దున నెయ్యి కారే ఉప్మా. కాళ్ల జబ్బుకు మంచిదని మధ్యాహ్నం మేక కాళ్ల పాయా. పాయాలోకి వేయించిన రొట్టెలు. సాయంత్రం చూడవచ్చినవాళ్లకు నూనె పోసి కాల్చిన సర్వపిండిలో నాకూ భాగం. మంచినీళ్లకు లేస్తే "నేను తెస్త, నువ్వు కదలకు." రోజంతా కూర్చోవద్దన్నారు కదా, నేను రోజంతా పడుకుని ఉన్నాను.

మిగిలింది పూజగది ఒక్కటే. దానికి తలుపుంది. స్నానం చేయకుండా వదిన అందులో అడుగు పెట్టదు, నేను లోపల ఉంటే చూడవచ్చినవాళ్లు పిలవరు. కాసేపు దణ్ణం పెట్టుకుంటానని లోపలికి వెళ్లి గడియ పెట్టి గుంజీలు తీసేదాన్ని. స్థలం చిన్నది కావడంతో సరిగ్గా వినాయకుడి పటానికి ఎదురుగానే తీయాలి. మోకాళ్లు పటపటమనేవి. చిన్నప్పుడు బడిలో తీసినన్ని కూడా తీయలేక రొప్పుతూ గోడకు చేరగిలబడేదాన్ని.

ఒకసారి గడియ సరిగ్గా పడలేదు. మా ఆయన అగ్గిపెట్టె కోసం తలుపు తోసి చూశారు. గొంతు తగ్గించి, భయంగా అడిగారు.

"ఏం తప్పు జేసినవ్?"

"తప్పేం లేదు. డాక్టరమ్మ తీయమంది."

"డాక్టరమ్మనా, టీచరమ్మనా?"

బయట హాల్లో వదిన గొంతు వినబడింది. వచ్చినవాళ్లతో చెబుతోంది. "మస్తు భక్తి వచ్చిందమ్మా పిల్లకు. లోపల గట్లనే రొప్పుకుంట ఏడుస్తున్నది."

మర్నాడు సాయంత్రం మా ఆయన షిఫ్టువాళ్లు వచ్చారు. డ్యూటీ దిగి నేరుగా యూనిఫారాలతోనే వచ్చి గోడ పొడుగునా వరసగా నిలబడ్డారు. కుర్చీలు వేస్తే కూర్చోలేదు. రంగు కాగితం చుట్టిన పెద్ద పండ్ల బుట్టను నా కాళ్ల దగ్గర పెట్టారు.

"ఏ కాలు వదినా?" అన్నాడు వాళ్లలో పెద్దవాడు.

అబద్ధం ఎందుకు చెప్పాలి? "రెండూ" అన్నాను.

"అరెరె! రెండు కాళ్లా!"

గోడ పొడుగునా నిట్టూర్పు పాకింది. మా ఆయన సీలింగ్ ఫ్యాను రెక్కల్ని పరీక్షగా చూస్తున్నారు. "మా ఊర్ల ఒకాయనకు గిట్లనే..." అని ఒకతను మొదలుపెట్టబోతే పక్కనున్నవాడు మోచేత్తో పొడిచాడు. చివర్లో నిలబడ్డ సన్నటి కుర్రతను ముందుకొచ్చి మా ఆయనతో అన్నాడు. "అన్నా, రక్తం అవసరం పడితే రాత్రి గాని పగలు గాని ఒక్క ఫోన్ చెయ్యి. షిఫ్టంత రెడీ ఉన్నం."

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. నా జీవితంలో ముక్కూ ముఖం తెలియని ఇంతమంది నాకోసం రక్తమిస్తామని నిలబడడం అంతకుముందు ఎప్పుడూ జరగలేదు. నేను ఏడవడం చూసి వాళ్లు పరిస్థితి తాము అనుకున్నదానికన్నా విషమంగా ఉందని నిర్ధారించుకుని, చప్పుడు చేయకుండా చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయారు.

ఆ పండ్ల బుట్ట చూస్తూ నిర్ణయించుకున్నాను. ఇంకో వారం ఇలాగే పడుకుంటే నాకు నిజంగానే ఏదో ఒకటి వస్తుంది. ఎలాగైనా బయటపడి నడవాలి.

దారి వదినే చూపించింది. భువనగిరిలో చుట్టాలింట్లో ఆడబిడ్డకు ఒడిబియ్యం పోసే వేడుక ఉందని, పొద్దున్నే వెళ్లి సాయంత్రానికి వస్తానని, నన్ను కదలొద్దని మా అమ్మాయికి మరీ మరీ చెప్పి బయలుదేరింది. ఆమె వీధి మలుపు తిరగగానే నేను పాత చుడీదార్, మా అమ్మాయి స్పోర్ట్స్ బూట్లు వేసుకుని ఆటో ఎక్కాను. నాచారంలో నడిస్తే ఎవరో ఒకరు మోసుకొచ్చి ఇంట్లో పడేస్తారు. అందుకని ఉప్పల్ వెళ్లాను.

ఉప్పల్ రింగు రోడ్డు మీద నడిచేవాళ్ల కోసం కట్టిన గుండ్రటి వంతెన ఉంది కదా. పైకెక్కితే బోలెడన్ని మెట్లు, చుట్టూ తిరగడానికి విశాలమైన దారి. మెట్రోకు పరుగెత్తేవాళ్లు పక్కవాళ్ల ముఖం చూడరు. నేను మెట్లెక్కాను, ఒక చుట్టు తిరిగాను, దిగాను, మళ్లీ ఎక్కాను. మొదట ఆయాసం వచ్చింది. తర్వాత ఒళ్లంతా చెమట పట్టి, ఇన్ని రోజుల నెయ్యీ సర్వపిండీ కరుగుతున్నట్టు హాయిగా అనిపించింది. తొడలు లాగుతున్నాయి. వాటిలో కండలున్నాయని నాకు తెలియడం అదే మొదలు. ఉత్సాహం వచ్చి వేగం పెంచాను.

భువనగిరి మీదుగా వరంగల్ వెళ్లే బస్సుల కోసం జనం నిలబడేది సరిగ్గా ఆ వంతెన కిందేనన్న సంగతి నా బుర్రకు తట్టలేదు.

"ఏయ్ పిల్లా! కాలూ!"

బస్సుల హారన్లను దాటుకుని ఆ గొంతు పైకి వచ్చింది. కింద నిలబడ్డవాళ్లలో కొందరు వంగి తమ కాళ్లు చూసుకున్నారు. నేను కమ్మీ మీంచి తొంగి చూశాను. వదిన ఒక చేత్తో ఒడిబియ్యం సంచీ పట్టుకుని, ఇంకో చెయ్యి ఆకాశంలోకి ఎత్తి నిలబడి ఉంది. నా బుద్ధి ఏమైందో, ఆగడానికి బదులు ఇంకా జోరుగా నడిచాను. వంతెన గుండ్రంగా ఉంటుంది. ఎంత జోరుగా నడిచినా బయలుదేరిన చోటికే వస్తాం. వచ్చేసరికి లిఫ్ట్ తలుపు తెరుచుకుంది. వదిన, ఆమె పక్కన మెట్రో సెక్యూరిటీ డ్యూటీలో ఉన్న ఆడమనిషి, ఇద్దరి మధ్యా చక్రాల కుర్చీ.

"గామెనే. పట్టుకోన్రి. సోయి లేక తిరుగుతున్నది."

"కూసో అమ్మా, ఏం భయం లేదు" అంది ఆ మనిషి, ఎంతో నెమ్మదిగా.

కూర్చున్నాను. కూర్చోకపోతే ఏం చేస్తుందో వదిన ముఖంలో కనబడుతోంది. బూట్లు వేసుకున్న కాళ్లు ముందుకు చాపుకుని, ఎర్రబడ్డ ముఖంతో, చెమటలు కారుతూ, ఉదయపు రద్దీలో ఉప్పల్ వంతెన మీద ఊరేగాను. ఆఫీసులకు పోయేవాళ్లు పక్కకు తప్పుకుని దారిచ్చారు. ఒక పెద్దాయన నాకు నమస్కారం కూడా పెట్టాడు.

వదిన గాభరాలో అవతలి వైపు లిఫ్ట్ దగ్గరికి తీసుకెళ్లమంది. అది పనిచేస్తోందో లేదో చూసొస్తానని సెక్యూరిటీ మనిషి ముందుకు వెళ్లింది. దొరికిన ఆ కాస్త సమయంలో ఊపిరి బిగబట్టి చెప్పేశాను.

"వదినా, నాకు జబ్బు లేదు. తొడల వెనక గుంటలున్నాయి. కొవ్వు, అంతే. తగ్గుతాయని నడుస్తున్నాను."

"గుంటలా?"

"గుంటలే."

"నొప్పా?"

"లేదు."

"దురదనా?"

"లేదు."

"మరేం జేస్తయి?"

"ఏం చేయవు. ఉంటాయి."

వదిన కమ్మీకి ఆనుకుని కాసేపు కిందికి చూసింది. ఆమె ఎక్కాల్సిన బస్సు కదిలి వెళ్లిపోతోంది. "గవి నాకు లేవా?" అంది. మళ్లీ తనే అంది. "ఉండే ఉంటయి. ఎన్నడన్న సూస్కుంటే గద." తర్వాత నా వైపు తిరిగింది. "నడుస్తే పోతయా?"

"పూర్తిగా పోవట. తగ్గినట్టు కనబడతాయట."

"ఎవలికి కనవడాలె? ఎనకున్నయి గద."

నిజానికి ఆ ప్రశ్న నేను డాక్టరమ్మను కూడా అడగలేదు, నన్ను నేనూ అడగలేదు. తగ్గించుకోవాలనిపించింది, అంతే. ఆ పొద్దున మెట్లెక్కుతుంటే మాత్రం అసలు గుంటల సంగతే గుర్తులేదు.

ఉన్నట్టుండి వదిన గుండె మీద చెయ్యి వేసుకుంది. "మరి గా పండ్లో? గా రక్తమిస్తమన్న పిల్లగాండ్లో? ఇప్పుడు జబ్బు లేదని చెప్తే మన ఇజ్జత్ ఏం గావాలె?"

"చెప్పేద్దాం వదినా."

"ఏమని చెప్తవ్? అందర్ని కూసోవెట్టి తొడలని చెప్తవా?"

ఆమె ఆలోచించింది. పార్సిల్ ఆఫీసులో తప్పిపోయిన పెట్టెల్ని కూడా ఇలాగే ఆలోచించి వెతికేదేమో. "చెప్పకు. దినదినానికి తక్కువైతున్నట్టు ఉండు. మెల్లగ నడిపిస్త నేను."

అంతలో సెక్యూరిటీ మనిషి తిరిగొచ్చింది. వదిన ముఖంలో ఒక్క గీత కూడా కదలలేదు. "ఆమెకు తక్కువైంది. ఇప్పుడు నాకు కాళ్లు గుంజుతున్నయి" అని నన్ను లేపి తాను కుర్చీలో కూర్చుంది, ఒడిబియ్యం సంచీ ఒళ్లో పెట్టుకుని. ఆ మనిషి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మారుమాట్లాడకుండా తోసుకెళ్లింది. నేను పక్కన నడిచాను.

ఆ రోజు నుంచి నేను కోలుకోవడం మొదలుపెట్టాను. మొదట గేటు దాకా, తర్వాత కిరాణా కొట్టు దాకా, ఆ తర్వాత వీధి చివరి దాకా వదిన నా చెయ్యి పట్టుకుని నడిపించేది. జబ్బు అందరూ నమ్మేలా ఉండాలని నేను కొంచెం కుంటేదాన్ని.

"ఎక్కువ కుంటకు" అనేది గొంతు తగ్గించి. "నిన్న గీ కాలు కుంటినవ్. ఇయ్యాల గా కాలు."

"రెండు కాళ్లకూ కదా వదినా."

"గదీ నిజమే."

చిక్కల్లా నర్సమ్మగారితోనే వచ్చింది. ఇంత త్వరగా ఎలా తగ్గుతోంది, ఏ మందు వాడుతున్నారు, నేను ఒకసారి కాళ్లు చూడాలి అని పట్టుబట్టింది. తప్పించుకోలేక పడగ్గదిలోకి తీసుకెళ్లి తలుపేశాం. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, కిటికీ వెలుగులో నన్ను అటు తిప్పి, వంగి చూసింది. తర్వాత మంచం మీద కూలబడి, కళ్లజోడు జారిపోయేటట్టు నవ్వింది.

"ఇదా? ఇది సెల్యులైటిస్ కాదు గద."

"కాదండీ."

"టిస్ లేదు."

"ఏం లేదు?" అంది వదిన కంగారుగా.

"టిస్ లేదమ్మ, టిస్! ఉత్త సెల్యులైట్. నాకు మొదటి కాన్పు నుంచి ఉన్నది."

"జర నావి గూడ సూడున్రి" అని వదిన చీర కుచ్చెళ్లు పైకెత్తింది. వదినవి చూశాక నర్సమ్మగారు తనవీ చూపించింది. పట్టపగలు, తలుపులు వేసుకుని, ముగ్గురు పెద్ద ఆడవాళ్లం ఒకరి తొడలు ఒకరం పరీక్షించుకుంటూ ఎవరివి ఎక్కువ లోతుగా ఉన్నాయో వాదించుకున్నాం. వదినవే లోతని తేలింది. "మస్తున్నయి గద" అంది ఆమె సంతోషంగా. నర్సమ్మగారు వీధిలో ఎవరికీ చెప్పనని మాటిచ్చింది, ఒక షరతు మీద. తననూ నడకకు తీసుకెళ్లాలి.

అప్పటి నుంచి ముగ్గురమయ్యాం. పొద్దున్నే నాచారం మెయిన్ రోడ్డు దాకా, కాళ్లు అలవాటుపడ్డాక హబ్సిగూడ వైపు కూడా. నడక అయ్యాక మా డాబా మీద గుంజీలు. చెవులు పట్టుకోనక్కర్లేదని ఎంత చెప్పినా వదిన వినలేదు. చెవులు వదిలేస్తే అది లెక్కకు రాదంటుంది. మమ్మల్ని చూసి పక్క డాబాల మీది ఆడవాళ్లు అదేదో మొక్కు అనుకున్నారు. దేవుడెవరో, ఎన్నాళ్లు చేయాలో అడిగారు. వదిన నాకు ఒక్క ముక్క కూడా మాట్లాడే అవకాశం ఇవ్వకుండా, "ఎన్నాళ్లని లేదు, చేసుకుంట పోవుడే" అంది. వాళ్లలో ఇద్దరు వచ్చి చేరారు. వంటింట్లో నూనె విషయమై వదినకూ నాకూ యుద్ధాలే జరిగాయి. ఉప్పు తగ్గిస్తే ఒకసారి పప్పు గిన్నె వెనక్కి పంపింది. ఆఫీసులో నేను లిఫ్ట్ మానేశాను. మధ్యమధ్య లేచి సీసాలో నీళ్లు నింపుకోవడానికి అవతలి గదికి నడుస్తుంటే, నాకు పైవాళ్ల దగ్గర ఏదో పని ఉందని అందరూ అనుకునేవారు.

గుంటలు పోలేదు. వర్షాలు వెనకబట్టి చలి మొదలయ్యాక మా అమ్మాయిని మళ్లీ చూడమన్నాను. చాలా నిజాయితీగా చూసింది. "లైటు పక్క నుంచి పడ్తే తగ్గినట్టున్నయి మమ్మీ. పైనుంచి పడ్తే అట్లనే ఉన్నయి. కానీ కాలు గట్టిగైంది" అంది. తొడ మీద వేలితో నొక్కి, గోడను తట్టినట్టు తట్టి చూసింది. నాకు తృప్తిగానే అనిపించింది. రాత్రి పడుకుంటే నిద్ర వెంటనే వస్తోంది. వదిన మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవడం మానేసింది.

మొన్న మాఘమాసంలో ఉప్పల్‌లోని ఒక ఫంక్షన్ హాల్లో బంధువుల పెళ్లికి వెళ్లాం. ముహూర్తం ఆలస్యమైంది. అందరూ కుర్చీల్లో జారగిలబడి ఉన్నారు. కాసేపటికి చూస్తే వదిన పక్కన లేదు. బయట కార్లు పెట్టుకునే స్థలంలో పట్టుచీర అంచు కాస్త పైకి పట్టుకుని చుట్లు తిరుగుతోంది. చీర కింద తెల్లటి స్పోర్ట్స్ బూట్లు. పెళ్లికూతురి తరఫు ఆడవాళ్లు నలుగురు ఆమె వెనకాల నడుస్తూ కబుర్లు చెబుతున్నారు. నేనూ వెళ్లి కలిశాను. మేం లోపలికి వచ్చేసరికి భోజనాలు చాలావరకు అయిపోయాయి. బిర్యానీ గిన్నె అడుగంటింది. పెరుగన్నం, కొంచెం పచ్చడి మిగిలాయి.

"మంచిదే అయింది. ఒంటికి పెరుగన్నమే నయం" అని వదిన కడుపారా తిన్నది.

ఇంటికి వస్తుంటే ఉప్పల్ దాటాక ఒక మిర్చి బజ్జీల బండి కనబడింది. వదిన ఆటో ఆపించింది. నేను ఆమె వైపు చూశాను.

"కూసోని తింటే గద గుంటలు వడేది" అంది దిగుతూ. "నిలవడి తిందాం, రా."